ఆర్సెనిక్ అని భయపెట్టిన పచ్చ రాయి: హనుమకొండ ఇంట్లో ఒక పైరోమార్ఫైట్ కేసు

ముందే చెప్పేస్తాను, ఆ రాయి మరకతం కాదు, ఇంట్లో ఉంటే మనుషుల్ని చంపే విషమూ కాదు. ఈ రెండు మాటలూ ఆ ఇంటివాళ్లకు వేర్వేరు మనుషులు చెప్పారు, పాపం రెండింటినీ నమ్మారు. మొదటి మాట విన్నప్పుడు రాయి షోకేసులోంచి పూజగదికి వెళ్లింది. రెండో మాట విన్నాక పూజగదిలోంచి బాల్కనీలో చెప్పుల స్టాండు వెనక్కి, డబుల్ పాలిథిన్ కవర్లో చుట్టుకుని చేరింది. నేను చూసేసరికి అక్కడే ఉంది.

నేను చేసేది ఖనిజ నమూనాల గుర్తింపు, కేటలాగింగ్. ఈ పని ఎక్కువగా రిటైరైన మైనింగ్ వాళ్ల ఇళ్లలోనే దొరుకుతుంది, మన ఉత్తర తెలంగాణలో బొగ్గు గనుల పుణ్యమా అని అలాంటి ఇళ్లకు కొదవ లేదు. ఈ కలెక్షన్ కూడా అట్లాంటిదే. పెద్దాయన గనుల్లో పనిచేసి రిటైరై హనుమకొండలో స్థిరపడ్డారు, పోయి కొంతకాలమైంది. ఆయన పోగుచేసినవి నాలుగు అరల నిండా ఉన్నాయి: జల్‌గావ్ వైపు నుంచి వచ్చే అపోఫిల్లైట్, స్టిల్‌బైట్, పుణె దగ్గర వాఘోలి నీలం కావన్‌సైట్, మంగంపేట బెరైటీస్, నెల్లూరు మైకా, ఖమ్మం వైపు గార్నెట్, కయనైట్. అన్నింటికీ ఆయన చేతిరాతతో చీటీలున్నాయి. ఈ పచ్చదానికి మాత్రం లేదు. చీటీ ఉన్న రాయి జోలికి ఎవరూ రాలేదు, చీటీ లేని రాయి మీద మాత్రం తలా ఒక మాట అన్నారు.

చుట్టాల్లో ఒకాయన అది మరకతమని, బుధుడికి మంచిదని, ఒక ముక్క తీయించి ఉంగరంలో పెట్టించుకోమని సలహా ఇచ్చాడు. కొడుకు కాస్త జాగ్రత్తపరుడు కాబట్టి ముందు పరీక్ష చేయిద్దామని వరంగల్‌లో బంగారం టంచ్ చూసే ఒక షాపుకు పట్టుకెళ్లాడు. వాళ్లు మిషన్లో పెట్టి ప్రింటు తీసిచ్చారు: లెడ్ 76 శాతం, ఆర్సెనిక్ 22 శాతం, ఐరన్ 2 శాతం. "ఇది పాషాణం అన్నా, ఇంట్లో ఉంచకండి" అని కూడా చెప్పి పంపించారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

నేను వెళ్లగానే కోడలు సూటిగా అడిగింది. "సార్, చిన్న పిల్లగాడు ఉన్న ఇల్లు. దీన్ని పారేయాల్నా, అమ్మాల్నా, ఉంచుకోవాల్నా, గదొక్కటి చెప్పండి."

కొడుకు మాత్రం, "బాపు దీన్ని ఎవ్వర్నీ ముట్టనియ్యకపోతుండె" అన్నాడు. ఆ మాట నాకు పనికొచ్చింది. ముట్టనివ్వలేదంటే ఖరీదన్నా అయి ఉండాలి, అదేంటో ఆయనకు తెలిసి అయినా ఉండాలి. రెండూ నిజమేనని నా అనుమానం.

సరే, రాయి. సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 5 ఎత్తు, మొత్తం బరువు 412 గ్రాములు. అడుగున తుప్పు రంగులో గుల్లగుల్లగా ఉన్న లిమొనైట్ అనే ఇనుప ఖనిజం, దాని మధ్యలో అక్కడక్కడ క్వార్ట్జ్. పైన ఒక వైపంతా పచ్చని స్ఫటికాలు, చిక్కగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి. చిలకపచ్చకు, పసుపుకు మధ్య రంగు. మెరుపు గాజు మెరుపు కాదు, కొంచెం జిడ్డుగా, గుగ్గిలం మెరిసినట్టు ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణం. పదింతలు పెద్దగా చూపించే లూప్ పెట్టి చూస్తే ఒక్కో స్ఫటికం ఆరు పలకల కడ్డీ, నడుము దగ్గర కాస్త ఉబ్బి పీపాలా ఉంది. పెద్దది 11 మిల్లీమీటర్లు. చాలావాటికి పై కొస చదునుగా లేదు, అంచులు నిలబడి మధ్యలో గుంతపడి ఉంది, ముంజె తీసేసిన తాటికాయలో మిగిలే గుంత ఉంటుంది చూడండి, అట్లా. గుంత లోపలి గోడలు మెట్లుమెట్లుగా దిగుతున్నాయి. స్ఫటికం పెరిగేటప్పుడు అంచులకు సరుకు తొందరగా అంది మధ్యలోకి అందనప్పుడు ఇలా అవుతుంది. సీసం ఫాస్ఫేట్ స్ఫటికాల్లో ఇది బాగా కనిపించే రూపం.

ఈ చూపుతోనే తొంభై శాతం తేలిపోయింది. మరకతమూ ఆరు పలకల కడ్డీయే, కాబట్టి చుట్టం మాట మరీ గాలిమాట కాదు, ఆకారం వరకు ఆయన కరెక్టే. కానీ మరకతం తుప్పుపట్టిన లిమొనైట్ మీద ఇలా గుత్తులుగా పెరగదు, దాని కాఠిన్యం ఏడున్నర దాటుతుంది, బరువు క్వార్ట్జ్ కంటే పిసరంత ఎక్కువ, అంతే. ఈ రాయిని చేతిలోకి తీసుకుంటే మణికట్టుకు తెలుస్తుంది. పక్కనే ఉన్న మంగంపేట బెరైటీస్ ముక్క బరువైన రాయి అనుకుంటాం కదా, నీళ్లకు నాలుగున్నర రెట్లు. ఇది గుల్ల లిమొనైట్‌ను మోస్తూ కూడా దానికి పెద్దగా తీసిపోలేదు.

అయితే చూపుతో తేలింది రిపోర్టులో రాయలేం కదా, పైగా చేతిలో 22 శాతం ఆర్సెనిక్ అని అచ్చేసిన కాగితం ఉంది. కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పాలి.

ఇక్కడ కొంచెం రసాయనం తప్పదు. పచ్చని సీసం ఫాస్ఫేట్ పేరు పైరోమార్ఫైట్. ఐదు సీసం, మూడు ఫాస్ఫేట్, ఒక క్లోరిన్. మన పళ్లలో, ఎముకల్లో ఉండే అపటైట్ కుటుంబమే, కాల్షియం స్థానంలో సీసం కూర్చుంది. దీనికి అచ్చుగుద్దినట్టు ఉండే తమ్ముడు ఒకడున్నాడు, మిమెటైట్. ఫాస్ఫేట్ ఉన్న చోట ఆర్సెనేట్ ఉంటే అది మిమెటైట్. రెండూ కలిసిపోతాయి కూడా, కొంత ఫాస్ఫేట్, కొంత ఆర్సెనేట్ ఉన్న రాళ్లు బోలెడు. ఏది ఎక్కువుంటే ఆ పేరు. రంగు చూసి తేల్చుదామంటే కుదరదు, పైరోమార్ఫైట్ పసుపు, గోధుమ, నారింజ, బూడిద రంగుల్లోనూ వస్తుంది, మిమెటైట్ ఆకుపచ్చగానూ ఉంటుంది. అంటే షాపువాళ్ల అనుమానం పూర్తిగా అర్థం లేనిదేం కాదు. మిమెటైట్ అయ్యుంటే నిజంగానే ఆర్సెనిక్ ఉన్నట్టు.

కాబట్టి ప్రశ్న ఒక్కటే: ఇది అన్నా తమ్ముడా?

ముందుగా ఆ ప్రింటునే తీసుకున్నాను. శుద్ధమైన మిమెటైట్, ఫాస్ఫేట్ రవ్వంత కూడా లేనిది, లెక్క కడితే అందులో సీసం 70 శాతానికి కాస్త తక్కువ, ఆర్సెనిక్ 15 శాతం చిల్లర, మిగతాది ఆక్సిజన్, క్లోరిన్. బంగారం మిషన్‌కు ఆక్సిజన్ కనపడదు, కాబట్టి అది తనకు కనపడ్డవాటినే వందకు సరిపెట్టి చూపిస్తుంది. అలా సరిపెట్టినా సీసం 82, ఆర్సెనిక్ 18 రావాలి. ప్రింటులో ఇనుము తీసేసి చూసినా ఆర్సెనిక్ 22 దాటుతోంది. అంటే ప్రపంచంలోకెల్లా శుద్ధమైన మిమెటైట్ పెట్టినా రాని అంకె అది! అంకె తనంతట తానే తప్పని చెప్పుకుంటోంది.

ఎందుకు తప్పింది అన్నది తెలుసుకోవాల్సిన సంగతి, ఎందుకంటే మన దగ్గర ప్రతి ఊళ్లో ఇప్పుడు ఈ మిషన్లున్నాయి, జనం రాళ్లు, బూడిద, పసరు మందులు కూడా పట్టుకుపోయి పెట్టిస్తున్నారు. అది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం. ఎక్స్‌రే కొడుతుంది, ప్రతి మూలకం తనకే సొంతమైన శక్తి ఉన్న ఎక్స్‌రేను తిరిగి విడుస్తుంది, ఆ శక్తిని బట్టి ఇది ఫలానా మూలకం అని చెప్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, సీసం విడిచే ముఖ్యమైన గీత 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది, ఆర్సెనిక్ ముఖ్యమైన గీత 10.54 దగ్గర. ఇలాంటి మిషన్ల డిటెక్టర్లు సుమారు 0.15 తేడా ఉంటే గానీ రెంటినీ విడదీయలేవు. అంటే సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ ఉందో లేదో ఆ గీతను బట్టి చెప్పడం వాటి వల్ల కాదు. ఆర్సెనిక్‌కు ఇంకో చిన్న గీత 11.73 దగ్గర ఉంటుంది, అది కూడా కనపడితేనే ఆర్సెనిక్ అనాలి. ఈ లెక్కలు సీసం ఖనిజాల కోసం సెట్ చేసిన మిషన్లో ఉంటాయి. బంగారం, వెండి, రాగి, జింకు చూడ్డానికి సెట్ చేసిన మిషన్‌ను అడిగితే ఉన్న సీసాన్నే కొంత సీసమని, కొంత ఆర్సెనిక్ అని పంచేస్తుంది. పోనీ ఫాస్ఫరస్ అయినా చూపించిందా అంటే, దాని గీత 2.01 దగ్గర, అంత బలహీనమైన ఎక్స్‌రే రాయికి, డిటెక్టర్‌కు మధ్య ఉన్న గాలిలోనే ఇంకిపోతుంది. అందుకే ఉన్నది చూపించలేదు, లేనిది చూపించింది. షాపతన్ని నేను తప్పుపట్టను, ఉంగరం పెడితే ఆ మిషన్ నిజమే చెప్తుంది.

నేను స్పెక్ట్రం గీత కూడా చూపించమని అడిగించాను, వాళ్ల దగ్గర ప్రింటు తప్ప అది సేవ్ అయి లేదు. సరే, వేరే దారి.

పరీక్షలకు రాయిని గీకడం, విరగ్గొట్టడం నాకిష్టం ఉండదు, యజమాని ఒప్పుకున్నా సరే. అదృష్టవశాత్తు అవసరం పడలేదు. రాయి ఉన్న పాత అట్టపెట్టె అడుగున రాలిన ముక్కలు కొన్ని దొరికాయి. అందులో ఒకటి అసలు రాయి అంటని శుద్ధమైన స్ఫటికం. ఇది ఎట్లా రాలిందో ఇంట్లో మొదట ఎవరూ చెప్పలేదు, దాని కథ తర్వాత బయటపడింది.

ఆ స్ఫటికాన్ని రాగి తీగతో గీస్తే గీత పడలేదు, బ్లేడుతో పడింది. కాఠిన్యం మూడుకు, ఐదుకు మధ్య అన్నమాట. పైరోమార్ఫైట్‌ది మూడున్నర నుంచి నాలుగు. పొడి తెల్లగా వచ్చింది. దీంతో ఉంగరం సంగతి కూడా తేలిపోయింది, ఇంత మెత్తని, పెళుసు రాయిని సానబట్టి వేలికి పెట్టుకుంటే నాలుగు రోజుల్లో అంచులు పోతాయి, పైగా సానబట్టేటప్పుడు వచ్చే దుమ్మంతా సీసమే.

తర్వాత సాంద్రత. దీనికి మిల్లీగ్రాము వరకు చూపించే తూకం కావాలి, అది మళ్లీ బంగారం షాపులోనే దొరుకుతుంది, ఈసారి తెలిసినవాళ్ల షాపుకు వెళ్లాను. పద్ధతి చాలా సులువు, ఎవరైనా చేయొచ్చు. ముందు స్ఫటికాన్ని మామూలుగా తూచాలి: 1.412 గ్రాములు. తర్వాత చిన్న గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయాలి. స్ఫటికాన్ని సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు తూకం మీద కనిపించేది స్ఫటికం తోసేసిన నీళ్ల బరువు: 0.203 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6.96. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయడం మర్చిపోవద్దు, గుంత కొసల్లో గాలి బుడగ ఇరుక్కుంటే లెక్క మొత్తం చెడుతుంది. నేను వేలాడదీసినప్పుడు రాయి గుంతలోంచి ఒక సూదిమొన బుడగ పైకి వచ్చి పోయింది, అది పోయాకే అంకె నిలబడింది.

6.96 అంటే ఆకుపచ్చని అపటైట్, ఫ్లోరైట్ రెండూ ఔట్, అవి మూడుకు కాస్త పైన ఉంటాయి. మరకతం అసలు లైన్లోనే లేదు. పైరోమార్ఫైట్‌కు ఏడుకు అటూ ఇటూ, మిమెటైట్‌కు ఏడుంపావు దగ్గర. మొగ్గు అన్నవైపే ఉంది గానీ, ఇంత చిన్న ముక్క మీద చివరి అంకెల్లో వచ్చే తేడాను లెక్కలోకి తీసుకుంటే ఇదొక్కటే చాలదు. మొత్తం రాయిని ఎందుకు ముంచలేదు అంటారా, లిమొనైట్ స్పాంజీలా నీళ్లు తాగుతుంది, పైగా బంక పెట్టిన చోటు ఏదైనా ఉంటే వదులవుతుంది. అంత పని ఎవరూ చేయకండి.

రాలిన పొడిలో చిటికెడు తీసుకుని ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సాల్ట్ అనాలసిస్ చేయించాను. ఇంటర్ ప్రాక్టికల్స్ చేసిన ప్రతివాళ్లకూ ఇది గుర్తుంటుంది. పొడిని సజల నైట్రిక్ ఆమ్లంలో వెచ్చబెడితే మెల్లగా కరిగింది. నీళ్లు బాగా కలిపి పొటాషియం అయొడైడ్ వేస్తే చిక్కని పసుపు. ఆ పరీక్షనాళికను మరిగే నీళ్లలో పెడితే పసుపంతా మాయమై తేటగా అయింది, పక్కన పెట్టి చల్లారనిస్తే బంగారు రేకులు ఒక్కొక్కటే పుట్టి గిర్రున తిరుగుతూ కిందికి దిగాయి. సీసానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, ల్యాబ్‌లో పిల్లలు ఫోన్లు తీసి వీడియో కూడా తీసుకున్నారు. ఇంకో భాగంలో అమ్మోనియం మాలిబ్డేట్ వేసి వెచ్చజేస్తే కానరీ పసుపు అవక్షేపం, అంటే ఫాస్ఫేట్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కానీ ఇదే మాలిబ్డేట్ ఆర్సెనేట్‌తోనూ పసుపే ఇస్తుంది, కాకపోతే దానికి వేడి ఎక్కువ కావాలి. గోరువెచ్చటి దగ్గరే వచ్చింది కాబట్టి ఫాస్ఫేట్ ఉన్నట్టే, ఆర్సెనేట్ లేదని మాత్రం దీంతో చెప్పలేం.

చివరి మాట రామన్ స్పెక్ట్రోస్కోపీ అనే లేజర్ పరీక్షది. తెలిసిన పరిశోధక విద్యార్థి ఒకరు సాయం చేశారు. ఈ పద్ధతిలో లేజర్ కాంతి పడ్డప్పుడు ఫాస్ఫేట్ గుంపు ఒక చోట, ఆర్సెనేట్ గుంపు ఇంకో చోట పలుకుతాయి, రెండూ కలిసిపోయే ప్రమాదమే లేదు. పైరోమార్ఫైట్‌లో ఫాస్ఫేట్ ముఖ్య శిఖరం గ్రాఫులో 920 దగ్గర, మామూలు కాల్షియం అపటైట్‌లో 960 పైన, మిమెటైట్‌లో ఆర్సెనేట్ శిఖరం 810 చుట్టుపక్కల వస్తుంది. మన స్ఫటికంలో మూడు చోట్ల చూశాం, మూడింట్లోనూ 920 దగ్గర నిటారుగా లేచింది, 810 వైపు చదునుగా పడుకుంది. అయిపోయింది. పైరోమార్ఫైట్. ఆర్సెనిక్ ఉన్నా ఈ పద్ధతికి అందనంత తక్కువ.

ఊదుగొట్టంతో బొగ్గు మీద కరిగించి చూసే పాత పద్ధతి ఒకటుంది, కరిగిన ముత్యం చల్లారేటప్పుడు మళ్లీ పలకలు తేలుతుంది, 1813లో హౌస్‌మన్ ఈ ఖనిజానికి పేరు పెట్టింది ఆ గుణాన్ని చూసే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ సీసం పొగ వస్తుంది, నేను ఇళ్లలో చేయను, మీరూ చేయకండి.

ఇప్పుడు కోడలు ప్రశ్నకు వద్దాం, ఇంట్లో ఉంచొచ్చా. ఆర్సెనిక్ లేదు సరే, సీసం ఉంది కదా, రాయిలో పచ్చ భాగం బరువులో 76 శాతం సీసమే. నిజానికి సీసం ఖనిజాల్లోకెల్లా నీళ్లలో బహుశా అతి తక్కువ కరిగేది ఇదే. సీసంతో పాడైన నేలల్లో ఫాస్ఫేట్ ఎరువు కలిపి సీసాన్ని కావాలనే పైరోమార్ఫైట్‌గా మార్చేస్తారు, కదలకుండా పడి ఉంటుందని. షోకేసులో ఉన్న రాయి దానంతటదే గాల్లోకి విషం వదలదు. ముట్టుకుంటే చర్మంలోంచి లోపలికి పోదు. ప్రమాదం దుమ్ముతో, నోటితో.

అందుకే నేను అట్టపెట్టె గురించి గుచ్చిగుచ్చి అడిగాను. అప్పుడు చెప్పింది కోడలు, ఒకసారి దులుపుతుంటే కింద పడిందట, పెద్దాయన ఏమీ అనకుండా ముక్కలు ఏరుకుని కూర్చుని అతికించారట. అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే దొరికింది కూడా, ఎడమ అంచున రెండు స్ఫటికాల మొదళ్లలో సన్నని నీలితెలుపు గీత, ఎపాక్సీ బంక మెరిసే తీరు. చాలా నీటుగా అతికించారు, టార్చి లేకుంటే నాకూ తెలిసేది కాదు. మిగిలిన పొడి ఆ పెట్టెలో, బహుశా కొంత ఆ గది మూలల్లో.

ఇంకోటి. లిమొనైట్ గుంతల్లో తెల్లని చిన్న స్ఫటికాలు ఉన్నాయి, రాలినవాటిలో ఒకటి నైట్రిక్ ఆమ్లంలో వేస్తే బుసబుస పొంగింది, అయొడైడ్ వేస్తే అదే పసుపు. సెరుసైట్, అంటే సీసం కార్బొనేట్. ఇది పచ్చదానిలా మొండిది కాదు, కడుపులోని ఆమ్లానికి సులువుగా కరుగుతుంది. కాబట్టి "పైరోమార్ఫైట్ కరగదు, భయం లేదు" అని మొత్తం రాయికి సర్టిఫికెట్ ఇచ్చేయడం కుదరదు.

ఈ మాట చెప్తుండగా కోడలి మొహం మారింది. పూజగదిలో ఉన్నప్పుడు ఎవరో పంపిన వీడియో చూసి, రాయిని రాత్రంతా రాగి చెంబులో నీళ్లలో వేసి పొద్దున ఆ నీళ్లు తాగాలనుకుందట. అత్తమ్మ "దేవుడి దగ్గర రాయి కడిగిన నీళ్లు చెట్టుకు పొయ్యాలె గానీ తాగుడేంది" అన్నందుకు ఆగిందట. అత్తమ్మకు దండం. ఈ క్రిస్టల్ వాటర్ పిచ్చి గురించి ఒక్క మాట, క్వార్ట్జ్ అయితే ఏమీ కాదు, కానీ ఆకుపచ్చ రాయి, నీలం రాయి, ఎర్ర రాయి అని రంగు చూసి నీళ్లలో వేసేవాళ్లకు అందులో సీసముందో రాగి ఉందో పాదరసముందో ఎట్లా తెలుస్తుంది?

పిల్లాడికి రక్తంలో సీసం పరీక్ష చేయించమన్నాను, నాలుగేళ్లవాడు, నేలమీద ఆడేవాడు, నోట్లో చెయ్యి పెట్టే వయసు. నేను డాక్టర్ని కాను, భయం తీర్చడానికైనా చేయించమన్నాను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల్లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకమంటోంది, అలాగని అంతకంటే తక్కువైతే మంచిదే అని కాదు. రిపోర్టు వాళ్ల పిల్లల డాక్టరే చూశారు, చేయాల్సిందేమీ లేదన్నారు.

గది విషయంలో చెప్పింది, రాయి ఉన్న అర, దాని కింద నేల, చీపురుతో ఊడ్వకుండా తడిబట్టతో తుడిచి ఆ బట్టలను పారేయమని. ఊడిస్తే దుమ్ము లేస్తుంది. పాత అట్టపెట్టె కూడా కవర్లో కట్టి తీసేశాం. రాయి ఇప్పుడు మూత బిగిసే ఆక్రిలిక్ డబ్బాలో, అడుగున మెత్తని ఫోమ్‌లో దిగబెట్టి, తాళం ఉన్న పై అరలో ఉంది. డబ్బా తెరిస్తే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అంతే. తుప్పు రంగు పోవాలని బాత్‌రూం యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ ఏదీ తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే మన ఇళ్లలో శుభ్రం చేయాలంటే ముందు గుర్తొచ్చేవి అవే.

ఇక మిగిలింది ఊరు. అసలు కష్టం ఇక్కడే. రాయి పేరు కనుక్కోవడానికి తూకం, ఆమ్లం, లేజర్ ఉన్నాయి, ఏ గనిలో పుట్టిందో చెప్పడానికి ఏ మిషనూ లేదు.

కొడుకు నమ్మకం ప్రకారం ఇది బాపు రాజస్థాన్ వెళ్లినప్పుడు జావర్ గనుల నుంచి తెచ్చింది. పెద్దాయన రాజస్థాన్ వెళ్లిన మాట నిజమే, ఫొటోలున్నాయి. జావర్‌లో సీసం, జింకు ఉన్న మాటా నిజమే. కానీ అక్కడి ఖనిజం డోలమైట్‌లో ఉంటుంది, ఈ రాయిలో డోలమైట్ ఆనవాలు కూడా లేదు. ఆయనకు జావర్ రాయి దొరికి ఉంటే చీటీ రాయకుండా ఉండేవారా? మిగతా చీటీలు చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. ఇంకొకాయన మన దగ్గరిదే అయ్యుండొచ్చన్నాడు. వరంగల్ చుట్టూ ఉన్నది గ్రానైట్, నీస్, వాటిని చీల్చుకుని లేచిన నల్ల డోలరైట్ డైకులు. తెలుగు నేల మీద సీసం గని అంటే పల్నాడు వైపు అగ్నిగుండాల, బండ్లమోట్టు చెప్పుకోవాలి. పైరోమార్ఫైట్ పుట్టాలంటే ముందు గెలీనా లాంటి సీసం ఖనిజం ఉండాలి, అది నేలపైకి దగ్గరగా వచ్చి గాలికీ నీటికీ కుళ్లాలి, చుట్టుపక్కల రాళ్ల నుంచి ఫాస్ఫేట్, నీళ్ల నుంచి క్లోరిన్ అందాలి. ఆ కుళ్లిన గెలీనా మిగిల్చిన తోడే ఈ లిమొనైట్, సెరుసైట్.

ప్రపంచంలో ఇలాంటి పచ్చని గుత్తులకు పేరు పడ్డ గనులు కొన్నే. ఫ్రాన్స్‌లో ఉస్సెల్ దగ్గర లే ఫార్జ్, అమెరికా ఐడహోలో కెలాగ్ దగ్గర బంకర్ హిల్, చైనా గ్వాంగ్‌షీలో గుయిలిన్ దగ్గర దావోపింగ్. జర్మనీ బాద్ ఎమ్స్‌వి పీపాల్లా ఉంటాయి గానీ ఎక్కువగా గోధుమ, బూడిద రంగు. వీటిలో దావోపింగ్ రాళ్లు 1990ల చివర్నుంచి మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి, మామూలు కలెక్టర్‌కు అందే ధరలో. రంగు, గుంత కొసలు, తుప్పు అడుగు, ఆయన కలెక్షన్ పెంచిన కాలం, అన్నీ అటే చూపిస్తున్నాయి. నన్నడిగితే దావోపింగే అంటాను, కాఫీ తాగుతూ అయితే. కాగితం మీద మాత్రం అనను. ఫ్రాన్స్ రాళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి, పోలికతో ఊరు రాసేస్తే రేపు ఇంకొకరు దాన్నే సాక్ష్యమనుకుంటారు.

దీని మీద కొడుకుతో కాస్త వాదన అయింది. బయటి కొనుగోలుదారు ఒకరు ఫోన్లో ఫొటో చూసి, చీటీ మీద గని పేరు ఉంటే ఇంత, లేకపోతే అందులో సగం కూడా రాదన్నాడట. "మీరు రాస్తే అయిపాయె కద సార్, మీకు తెలుసు కద" అన్నాడు. తెలియడం వేరు, అనుకోవడం వేరు అన్నాను. నిజానికి ఆ బేరగాడికి కావాల్సింది నా నమ్మకం కాదు, నా సంతకం. రాయనని చెప్పేశాను, అతికించిన సంగతి కూడా రాస్తానని చెప్పాను. ఆ పూట కొంచెం ముభావంగానే ఉన్నాడు.

కేటలాగులో రాసింది ఇదీ: పైరోమార్ఫైట్, లిమొనైట్, క్వార్ట్జ్ మీద, కొద్దిగా సెరుసైట్‌తో. 9, 6, 5 సెంటీమీటర్లు, 412 గ్రాములు. రాలిన స్ఫటికం సాంద్రత 6.96, రామన్‌తో నిర్ధారణ, ఆర్సెనేట్ కనపడలేదు. ఎడమ అంచున రెండు స్ఫటికాలు ఎపాక్సీతో అతికించినవి. దొరికిన చోటు నిర్ధారణ కాలేదు, రూపం గ్వాంగ్‌షీ దావోపింగ్ నమూనాలను పోలి ఉంది. సీసం ఖనిజం, పిల్లలకు అందనివ్వరాదు, నీళ్లలో వేయరాదు. బంగారం షాపు ప్రింటును కూడా పారేయకుండా, అది ఎందుకు తప్పో వెనక రాసి అదే కవర్లో పెట్టించాను, లేకపోతే ఎప్పుడో ఎవరికో అది ఒక్కటే దొరికి మళ్లీ మొదటికొస్తుంది.

అమ్మకం ప్రస్తుతానికి ఆపారు. పెద్దాయన పాత రసీదులు, ఉత్తరాలు ఒక సూట్‌కేసు నిండా అటక మీద ఉన్నాయట, దసరా సెలవుల్లో దింపి చూస్తామన్నారు. బిల్లు దొరికితే దావోపింగో, ఇంకోటో, ఆ గని పేరు అప్పుడు రాస్తాను.